థర్మల్ పేస్ట్ ఎంత పెట్టాలి, ఎలా పెట్టాలి: రోహిణి కార్తెకు తట్టుకునే కంప్యూటర్ అసెంబ్లింగ్

సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పేస్ట్ ఎంత పెట్టాలండీ?" (ప్రాసెసర్‌కీ, దాన్ని చల్లబరిచే కూలర్‌కీ మధ్య సందు నింపి వేడిని దాటించే ముద్దే థర్మల్ పేస్ట్.) రెండోది, "ఏ కంపెనీది కొనమంటారు?" మే నెల వచ్చేసరికి మూడోది మొదలవుతుంది: "జనవరిలో బాగానే ఉండేది, ఇప్పుడు ఫ్యాన్ హోరెత్తిపోతోంది, పేస్ట్ ఎండిపోయిందంటారా?" చాలాసార్లు పేస్ట్ ఎండిపోదు. గది వేడెక్కింది, అంతే. గదిలో 15 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ మీదా దాదాపు 15 డిగ్రీలు పెరుగుతాయి. భీమవరంలోనో రాజమండ్రిలోనో అమలాపురంలోనో ఏసీ లేని గదిలో వాడే కంప్యూటర్‌కి పార్టులు ఎంచుకునేటప్పుడూ, పేస్ట్ సరిగా కుదిరిందో లేదో చూసేటప్పుడూ ఒక్క లెక్క గుర్తుంచుకోండి: ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసెయ్యాలి. మిగిలిన అంకె మీ కూలర్, మీ కేబినెట్, మీ చేతిపని కలిసి తెచ్చినది.

మన దగ్గర కేబినెట్ మొత్తాన్నీ సీపీయూ అనేస్తాం. గందరగోళం లేకుండా ఇక్కడ లోపలి చిప్‌ని ప్రాసెసర్ అనీ, బయటి డబ్బాని కేబినెట్ అనీ రాస్తున్నాను.

పార్టులు ఎంచుకోవడం

ప్రాసెసర్: ఏసీ లేని ఇంటికి 65 వాట్ల తరగతి దాటకండి. ఇంటెల్ కోర్ ఐ5-12400, ఏఎండీ రైజన్ 5 5600, రైజన్ 5 7600 ఈ తరగతివే. అయితే పెట్టె మీద 65 అని ఉన్నా నిజంగా లాగేది ఎక్కువ. 12400 టర్బోలో, అంటే పని బరువెక్కి వేగం పెంచుకున్నప్పుడు, 117 వాట్ల దాకా వెళ్తుంది. 5600 అయితే 76 దగ్గర, 7600 అయితే 88 దగ్గర ఆగుతాయి. తట్టుకునే గరిష్ఠ వేడి కూడా ఒక్కటి కాదు: 5600కి 90 డిగ్రీలు, 7600కి 95, 12400కి 100. ఈ అంకె చీటీ మీద రాసి పెట్టుకోండి, చివర్లో లెక్కకు కావాలి.

గ్రాఫిక్స్ కార్డు కొననివాళ్లు ఒకటి చూసుకోవాలి. 12400ఎఫ్ లాగా ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే మానిటర్‌కి బొమ్మ పంపే గ్రాఫిక్స్ భాగం లోపల ఉండదు. రైజన్ 5 5600కీ ఉండదు, 5600జీకి ఉంటుంది, 7600కి ఉంటుంది. టాలీకో ఆన్‌లైన్ క్లాసులకో కొని, మానిటర్ నల్లగా ఉందని మళ్లీ షాపుకి పరుగెత్తేవాళ్లలో ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే.

కూలర్: 12400, 5600, 7600 బాక్స్ ప్యాక్ కొంటే కూలర్ డబ్బాలోనే వస్తుంది. బిల్లులు, బ్రౌజింగ్, సినిమాలకు అది చాలు. వీడియో ఎడిటింగ్, గేములు, ఫ్లెక్సీ డిజైనింగ్ లాంటి గంటల తరబడి సాగే పని అయితే నాలుగు హీట్‌పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న సింగిల్ టవర్ కూలర్ తీసుకోండి. ఖరీదైన పేస్ట్‌కి పెట్టే డబ్బు దీనిమీద పెడితే ఎన్నో రెట్లు ఫలితం ఉంటుంది. మంచి పేస్ట్‌కీ మామూలు పేస్ట్‌కీ మధ్య తేడా రెండు మూడు డిగ్రీలు. డబ్బాలో వచ్చిన చిన్న కూలర్‌కీ టవర్ కూలర్‌కీ మధ్య బరువైన పనిలో 15, 20 డిగ్రీల తేడా రావచ్చు.

కొనేముందు మూడు కొలతలు సరిచూడండి. ఒకటి, ఎత్తు: టవర్ కూలర్లు చాలావరకు 150 నుంచి 160 మిల్లీమీటర్లు ఉంటాయి, మీ కేబినెట్ ఎంతవరకు పట్టనిస్తుందో దాని పెట్టె మీద ఉంటుంది. రెండు, సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కిట్: పాత ఇంటెల్ సాకెట్లైన ఎల్‌జీఏ 1200, 115 ఎక్స్ బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 12400 కూర్చునే ఎల్‌జీఏ 1700లో 78. మూడు మిల్లీమీటర్లే కదా అని పాత కూలర్‌ని వంచి బిగిస్తే ఒక మూల పైకి లేస్తుంది, ఎంత పేస్ట్ పూసినా ఆ సందు నిండదు. 1700 కిట్ విడిగా అడిగి తీసుకోండి. మూడు, ర్యామ్ ఎత్తు: రంగు లైట్ల ర్యామ్ కొందామనుకుంటే ఫ్యాన్‌కి తగులుతుందేమో చూసుకోండి.

కేబినెట్: ముందు భాగం జాలీ ఉన్నదే కొనండి. ముందంతా అద్దం ఉన్న కేబినెట్ షాపులో అందంగా ఉంటుంది, రోహిణి కార్తెలో పొయ్యిలా మారుతుంది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి నెట్టాలి. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే దుమ్ము ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది, సందుల్లోంచి దూరదు. రైసుమిల్లు పక్కన తవుడు దుమ్ము, కోనసీమలో కొబ్బరి పీచు పొట్టు ఉన్నచోట తీసి కడుక్కునే ఫిల్టర్ తప్పనిసరి. నెలకోసారి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

వెనకవైపు కార్డు పెట్టని స్లాట్లకి రేకులు ఊడదీయకండి. ఆ సందుల్లోంచే బల్లులూ చీమలూ దూరతాయి. బల్లి మదర్‌బోర్డు మీద అడ్డంపడితే షార్ట్ అయి బోర్డే పోతుంది.

మదర్‌బోర్డు: ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో డీడీఆర్4 ర్యామ్‌వి వేరు, డీడీఆర్5 ర్యామ్‌వి వేరు. ఒకదాని ర్యామ్ రెండోదానిలో పట్టదు. ఏఎం4 (రైజన్ 5600 సాకెట్)కి డీడీఆర్4 మాత్రమే, ఏఎం5 (రైజన్ 7600 సాకెట్)కి డీడీఆర్5 మాత్రమే. పాత బీ450 బోర్డు మీద 5600 పెట్టాలంటే బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయ్యి ఉండాలి, షాపులోనే చేయించుకుని తెచ్చుకోండి. ప్రాసెసర్ పక్కనుండే కరెంటు భాగాల మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉన్న బోర్డు వేసవిలో నిలబడుతుంది, కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి.

ఎస్ఎంపీఎస్, యూపీఎస్: కేబినెట్‌తో ఉచితంగా ఇచ్చే ఎస్ఎంపీఎస్ (పార్టులకి కరెంటు అందించే డబ్బా) వాడకండి. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి 115 వాట్ల కార్డు పెట్టినా 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఎస్ఎంపీఎస్ సరిపోతుంది. యూపీఎస్ మీద రాసే వీఏ, వాట్లు ఒకటి కావు. 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్లే మోస్తుంది. ప్రాసెసర్, కార్డు, మానిటర్ కలిపి గేము ఆడేటప్పుడు 300 దాటిపోతాయి కాబట్టి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు 1000 వీఏ తరగతికి వెళ్లండి.

కేబినెట్ ఇనుము తాకితే చెయ్యి జిల్లుమంటోందా? ఇంట్లో ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్ఎంపీఎస్ మార్చినా అది పోదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.

బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరూ వేయించుకోండి. కాకినాడలో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల సముదాయం) నుంచి తెప్పించుకున్నా వారంటీకి అదే ఆధారం.

పేస్ట్ పని: దగ్గర పెట్టుకోవాల్సినవి

- థర్మల్ పేస్ట్, సిరంజిలో వచ్చేది. ఆర్కిటిక్ ఎంఎక్స్-4, నాక్టువా ఎన్‌టీ-హెచ్1 లాంటివి కరెంటు పారనివి, కొత్తవాళ్లకి క్షేమం. 1 గ్రాము ట్యూబ్ నాలుగైదు సార్లకు వస్తుంది.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం. మొబైల్ రిపేరు షాపుల్లో అడగండి, ఐపీఏ అంటే ఇస్తారు. 70 శాతందే దొరికితే తుడిచాక పది నిమిషాలు ఆరనివ్వండి.
- నూగు రాలని బట్ట. ఉతికి ఆరేసిన పాత నూలు పంచె ముక్క చక్కగా పనికొస్తుంది. దూది వద్దు, పోగులు అంటుకుపోతాయి.
- కొన పొడవైన స్టార్ స్క్రూడ్రైవర్.
- గోడకి వేలాడదీసే మామూలు థర్మామీటర్. దీన్ని ఎవరూ కొనరు, చివర్లో అందరికీ ఇదే కావాలి.

ఎలక్ట్రానిక్స్ షాపుల్లో యాంప్లిఫయర్లకి వాడే తెల్లటి హీట్‌సింక్ కాంపౌండ్ ఉంటుంది. అత్యవసరానికి ఒక వారం నడుస్తుంది, దానిమీదే వేసవి గడపకండి. లిక్విడ్ మెటల్ జోలికి అసలు వెళ్లకండి: అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, చుక్క జారితే బోర్డు షార్టే. పూయడం అంటే భయమైతే ఫేజ్ చేంజ్ షీటు ఒక ప్రత్యామ్నాయం. పరిమాణానికి కత్తిరించి పెడితే వేడికి మెత్తబడి అదే సర్దుకుంటుంది.

చేసే పద్ధతి

1. పగలు చేయండి, సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. వానాకాలం సాయంత్రం ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే దీపం పురుగులు వచ్చి నేరుగా పేస్ట్ మీదే వాలతాయి. వేసవిలో అయితే నుదుటి చెమట బోర్డు మీద పడకుండా భుజాన తువ్వాలు వేసుకోండి. ఏసీ గదిలో చల్లబడిన పార్టుల్ని ఉక్కపోత గదిలోకి తెస్తే వాటిమీద తేమ పడుతుంది. అలా తెచ్చినప్పుడు అరగంట డబ్బాలోనే ఉంచండి.

2. పేస్ట్ లేకుండా ఒకసారి కూలర్ పెట్టి చూడండి. ఏ బ్రాకెట్ ఎటు, ఏ స్క్రూ ఎక్కడ, ఫ్యాన్ వైరు అందుతుందా, ర్యామ్‌కి తగులుతోందా అన్నీ ఇప్పుడే తేలిపోవాలి. పేస్ట్ పూశాక బ్రాకెట్ తిరగేసి పెట్టామని తెలిస్తే మళ్లీ తుడిచి మొదటికి రావాలి. అయిదు నిమిషాల ఈ పని ఎక్కువమంది వదిలేస్తారు.

3. ప్రాసెసర్ కూర్చోబెట్టండి. మూలనున్న బంగారు త్రికోణం, సాకెట్ మీది త్రికోణం ఒకేవైపు రావాలి. ముందు ఏదైనా ఎర్త్ ఉన్న ఇనుము తాకండి. ఏఎం4 ప్రాసెసర్‌కి కింద పిన్నులుంటాయి, అది తనంత తానే దిగాలి, వేలితో నొక్కితే పిన్నులు వంగుతాయి. ఇంటెల్, ఏఎం5 వాటికి పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, ఆ గుంతలో వేలూ బట్టా పెట్టకండి. లీవర్ దించేటప్పుడు గట్టిగా ఉండి కిర్రుమంటుంది, అది మామూలే. నల్లటి ప్లాస్టిక్ మూత దానంతటదే ఊడి వస్తుంది. దాన్ని దాచండి, వారంటీకి బోర్డు పంపితే అడుగుతారు.

4. ప్రాసెసర్ పైరేకు, కూలర్ అడుగు (5వ మెట్టులోని పొర తీశాక) రెండూ తుడవండి. బట్టకి ఐపీఏ తడిపి, ఒకే దిక్కున. కొత్త వాటికీ వేలి జిడ్డు ఉంటుంది. తుడిచాక మళ్లీ ముట్టుకోవద్దు.

డబ్బాలో వచ్చిన కూలర్ అడుగున బూడిద రంగు పేస్ట్ ముందే పూసి ఉంటే ఈ మెట్టులో దాన్ని తుడవకండి, పైన ఇంకో చుక్క పెట్టకండి. నేరుగా 7వ మెట్టుకి వెళ్లండి. దానికి వేలు తగిలినా, కింద పెట్టి దుమ్ము అంటినా మాత్రం మొత్తం తుడిచేసి కొత్తగా పెట్టాలి.

5. కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఊడదీయండి. "అన్నీ సరిగ్గానే చేశాను, ఆన్ చేసిన నిమిషంలో 95 చూపిస్తోంది" అనే ఫిర్యాదుల్లో చాలాసార్లు దొరికేది ఈ పొరే. ఊడదీసి టేబుల్ మీద కళ్లెదుట పెట్టుకోండి, తీశానో లేదో అన్న అనుమానం రాదు.

6. పేస్ట్ పెట్టండి. ముందు కాగితం మీద రవ్వంత నొక్కి చూడండి. వేడి గదిలో దాచిన ట్యూబ్‌లో నూనె విడిపోయి ముందు అదే వస్తుంది, దాన్ని కాగితం మీదే వదిలేయండి. గట్టిగా, ఒక్క రంగులో వచ్చేదాకా చూసి అప్పుడు ప్రాసెసర్ మీద పెట్టండి.

ఎంత? వీడియోల్లో బఠానీ గింజంత అంటారు. మన వంటింట్లో పచ్చి బఠానీ చిన్నదేమీ కాదు, దాని ప్రకారం పెడితే అంచుల నుంచి కారుతుంది. మన గింజల లెక్క ఇది:

ఏఎం4 మీద: నడిమధ్య ఒక కంది గింజంత, అంటే 5 మిల్లీమీటర్లు.
ఏఎం5 మీద: నడిమధ్య ఒక పెసర గింజంత, 4 మిల్లీమీటర్లు. పైరేకు అంచుల్లో నొక్కులు ఉంటాయి, ఎక్కువైతే ఆ నొక్కుల్లోకి దిగి తుడవడం కష్టం.
ఎల్‌జీఏ 1700 మీద: ఇది చతురస్రం కాదు, 37.5కి 45 మిల్లీమీటర్లు, కాస్త పొడుగు. మధ్యలో ఒక పెసర గింజ, నాలుగు మూలల దగ్గర నాలుగు ఆవగింజలు. మూలంటే మరీ అంచు కాదు, అంచుకి అర సెంటీమీటరు లోపలికి.

వేలితో, కార్డుతో పరచాల్సిన పనిలేదు. కూలర్ బరువుకి, స్క్రూల ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. పరిచినా తప్పు కాదు గానీ ఎగుడుదిగుడుగా పరిస్తే మధ్యలో గాలి చిక్కుతుంది. కొలత కొంచెం అటూఇటూ అయితే ఎక్కువవైపే ఉండనివ్వండి. కరెంటు పారని పేస్ట్ కాస్త ఎక్కువైతే పక్కకి పొంగుతుంది, అంతే. తక్కువైతే ఒక మూల ఎండుగా మిగిలి అక్కడి కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల్లో ఒకటి) వేడెక్కుతుంది.

7. కూలర్ నిటారుగా దించండి. నాలుగు రంధ్రాల మీదికి చూపు పెట్టి ఒకేసారి. పెట్టాక కుడిఎడమలకి వెంట్రుకవాసి కదపవచ్చు, పైకి ఎత్తకూడదు. ఎత్తితే గాలి బుడగలు చేరతాయి, ఎత్తారంటే తుడిచి మళ్లీ పెట్టాల్సిందే.

8. ఎదురెదురు మూలలుగా బిగించండి. ఒక మూల రెండు చుట్లు, దాని ఎదురు మూల రెండు చుట్లు, తర్వాత మిగతా రెండూ. ఒక్క స్క్రూనే చివరిదాకా బిగించేస్తే కూలర్ ఒకవైపు ఒరిగి, పేస్ట్ అంతా రెండోవైపు పోతుంది. స్ప్రింగు స్క్రూలైతే ఒకచోట ఆగిపోతాయి, ఆపైన బలం ఉపయోగించకండి.

రైజన్ 5600తో వచ్చే రైత్ స్టెల్త్ కూలర్‌కి బోర్డు మీది రెండు ప్లాస్టిక్ కొక్కేలు ముందే విప్పాలి. అవి విప్పగానే వెనకవైపు రేకు జారిపోతుంది, అరచెయ్యి వెనక అడ్డం పెట్టుకోండి. కూలర్ నాలుగు స్క్రూలు ఆ రేకులోకే దిగుతాయి.

ఇంటెల్ డబ్బా కూలర్‌కి నాలుగు పుష్‌పిన్లు. పిన్ తలమీది బాణం విప్పడానికి తిప్పాల్సిన దిక్కుని చూపిస్తుంది, బిగించే ముందు నాలుగూ దానికి ఎదురు దిక్కున చివరిదాకా ఉండాలి. ఎదురెదురు మూలలు నొక్కుతూ 'టక్' మన్న చప్పుడు నాలుగుసార్లు వినాలి. ఆ తర్వాత బోర్డు వెనక్కి తిప్పి చూడండి: నాలుగు చోట్లా నల్లటి ముల్లు దిగి, తెల్లటి కాళ్లు విచ్చుకుని కనిపించాలి. మూడే దిగినా పైనుంచి చూస్తే బాగానే ఉన్నట్టు ఉంటుంది, అందుకే వెనక చూడకుండా కేబినెట్‌లో బిగించకండి.

9. ఫ్యాన్ వైరు బోర్డు మీద 'సీపీయూ ఫ్యాన్' అని రాసున్న పిన్నులకే పెట్టండి. పక్కన 'సిస్టమ్ ఫ్యాన్' అని ఉన్నదానికి పెడితే ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ రావచ్చు, వేగమూ సరిగా మారదు. ఫ్యాన్ దిక్కు తేలడానికి గుర్తు: ప్లాస్టిక్ ఊచలు, స్టిక్కరు ఉన్న వెనకవైపు నుంచి గాలి బయటికి వస్తుంది.

సరిగా కుదిరిందా

ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్లి వేడి చూడండి. బయోస్‌లో పొదుపు విధానాలు పనిచేయవు కాబట్టి విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటికంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది, 45, 50 చూసి కంగారుపడకండి. అంకె ఆగకుండా ఎక్కుతూ నిమిషంలోపే 80 దాటుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి: పొర తీయలేదు, పుష్‌పిన్ దిగలేదు, లేదా ఫ్యాన్ తిరగడం లేదు.

అసలు పరీక్ష విండోస్ వేసుకున్నాక. వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 తెరిచి ఉంచి, ప్రాసెసర్‌కి బరువైన పని పెట్టే సినీబెంచ్ ఆర్23లో పది నిమిషాల పరీక్ష నడపండి. థర్మామీటర్‌ని కేబినెట్ ముందు, గాలి లోపలికి వెళ్లేచోట వేలాడదీయండి, వెనక వద్దు. పరీక్ష చివరి రెండు నిమిషాల్లో ప్రాసెసర్ వేడి, గది వేడి, 'సీపీయూ ప్యాకేజ్ పవర్' వాట్లు, మూడూ తేదీతో సహా రాసుకోండి.

ఇప్పుడు లెక్క. జనవరిలో గది 24, ప్రాసెసర్ 66 అనుకోండి. తేడా 42. రోహిణి కార్తెలో అదే గది 39 అయితే ప్రాసెసర్ 81 దగ్గర ఉంటుంది. 5600 అయినా 90 లోపే, పర్వాలేదు. అదే జనవరిలో 79 చూపించి ఉంటే తేడా 55, మేలో 94 కావాలి. 5600 అక్కడిదాకా వెళ్లదు, 90 దగ్గర తన వేగం తానే తగ్గించేసుకుంటుంది. మీకు కంప్యూటర్ నెమ్మదించిందనిపిస్తుంది, కారణం కనిపించదు. చలికాలంలో కొన్నవాళ్లు అందుకే అప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. ప్రాసెసర్ గరిష్ఠ వేడిలోంచి 50 తీసేయండి: 40 ఎండాకాలపు గదికి, 10 మన జాగ్రత్తకి. 5600కి తేడా 40 లోపు, 7600కి 45 లోపు, 12400కి 50 లోపు వస్తే ఏ కార్తె అయినా గడిచిపోతుంది. పై లెక్కలో 42 వచ్చిన 5600కి రెండు డిగ్రీల జాగ్రత్త తగ్గింది. నడుస్తుంది గానీ ఫిల్టర్ల శుభ్రం మీద కన్ను వేసి ఉంచండి.

తేడా ఎక్కువొచ్చిందా? పేస్ట్ మళ్లీ పెట్టేముందు ఈ మూడూ చూడండి.

పరీక్ష మొదలైన ఒకటి రెండు సెకన్లలోనే అంకె గరిష్ఠానికి ఎగిరితే కూలర్ అడుగు సరిగా ఆనలేదని అర్థం. అది పేస్ట్ పనే, లేదా బిగింపు. అలా కాకుండా పది నిమిషాలపాటు మెల్లమెల్లగా ఎక్కుతూ పోతే పేస్ట్ బాగానే ఉంది, కేబినెట్‌లో వేడి గాలి చిక్కుకుంటోంది.

కేబినెట్ పక్క మూత తీసి మళ్లీ నడపండి. అయిదు డిగ్రీలకంటే ఎక్కువ తగ్గితే గాలి లోపమే. అగరుబత్తి వెలిగించి ముందు జాలీ దగ్గర పట్టుకోండి: పొగ లోపలికి పీల్చుకోవాలి. వెనక ఫ్యాన్ దగ్గర బయటికి చెదరాలి. రెండు ఫ్యాన్లూ ఎదురెదురుగా లోపలికే ఊదుతుంటే ఇక్కడే పట్టుబడుతుంది. బూడిద లోపల రాలకుండా కొంచెం దూరం నుంచి.

ఇక ఒక కోర్ మాత్రమే మిగతావాటికంటే 12, 15 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే స్క్రూలు ఒకవైపు బిగిసి, రెండోవైపు వదులుగా ఉన్నాయేమో చూడండి.

తరచూ జరిగే తప్పులు

విప్పిన కూలర్‌ని తుడవకుండా అదే పేస్ట్ మీద మళ్లీ పెట్టేయడం. ఒకసారి విడదీసిన పేస్ట్ పొర మళ్లీ సమంగా అతకదు. చూడ్డానికి తడిగానే ఉన్నా తుడవాల్సిందే.

ఏఎం4 కూలర్‌ని చల్లగా ఉన్నప్పుడు నేరుగా పైకి లాగడం. ఏఎం4 సాకెట్ పట్టు తక్కువ, పాత పేస్ట్ జిగురులా పట్టుకుని కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. విప్పేముందు పది నిమిషాలు ఏదైనా బరువైన పని నడిపి వేడెక్కించి, కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసేసి, స్క్రూలు విప్పాక కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ పట్టు వదిలించండి. అప్పుడు ఎత్తండి. అయినా ఊడొస్తే పిన్నుల వరసలు వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. వంగినదాన్ని పలుచటి కార్డు అంచుతో రవ్వరవ్వగా నిలబెట్టవచ్చు. తొందరపడితే విరుగుతుంది.

శానిటైజర్‌తో తుడవడం. అందులోని గ్లిజరిన్ లాంటివి జిడ్డు పొరగా మిగులుతాయి. గోళ్ల రంగు తుడిచేది ప్లాస్టిక్ పాడుచేస్తుంది.

టూత్‌పేస్ట్ పెట్టడం. నీళ్లు ఆరిపోయాక సున్నంలా బిగుసుకుపోతుంది. మొదటి రోజు అంకె బాగానే కనిపిస్తుంది కాబట్టి నమ్మేస్తారు.

ప్రాసెసర్ కింద, పిన్నుల వైపు పేస్ట్ పెట్టడం. నమ్మశక్యం కాదు గానీ రిపేరుకి వచ్చేవాటిలో ఇదీ ఉంటుంది. పేస్ట్ పైరేకు మీద మాత్రమే.

మళ్లీ ఎప్పుడు పెట్టాలి

సంవత్సరానికోసారి మార్చాల్సిన పనిలేదు. మంచి పేస్ట్ రెండు మూడేళ్లు సులువుగా ఉంటుంది. మీరు రాసుకున్న చీటీ తీయండి: అదే పరీక్ష, అవే వాట్లు, తేడా మొదటిసారి కంటే 8, 10 డిగ్రీలు పెరిగిందా? ముందు దుమ్ము దులపండి. తవుడు, పీచు దుమ్ము వానాకాలపు తేమకి కూలర్ రేకుల మధ్య అట్టకడుతుంది. బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ చెడుతుంది. దులిపాక కూడా తేడా తగ్గకపోతే అప్పుడు పేస్ట్ మార్చండి. ఉగాదికి ముందు వారం దీనికి అనువైన రోజులు, ఎండ ఇంకా ముదరదు, చెమటా తక్కువ.

ఉప్పాడ, అంతర్వేది లాంటి తీర గ్రామాల్లో ఉండేవాళ్లు కేబినెట్‌ని సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టుకోండి, ఉప్పుగాలికి స్క్రూలూ పోర్టులూ తుప్పు పడతాయి. లంక గ్రామాల్లో వరద రోజుల్లో నేలమీద కేబినెట్ ఉంచవద్దు. వానాకాలంలో వాడకపోయినా వారానికి రెండుసార్లు గంటసేపు నడపండి, లోపలి చెమ్మ ఆరుతుంది.

మిగిలిన ట్యూబ్‌కి మూత గట్టిగా పెట్టి, కవర్లో చుట్టి, ఎండ తగలని అలమరలో నిలువుగా, మూత కిందికి ఉండేట్టు దాచండి. దానిమీద కొన్న నెల, సంవత్సరం పెన్నుతో రాయండి.